పరిగె ఎవరి ధర్మం

మా మేనత్త పుట్టింది కంభం చెరువు కింద. మెట్టింది తర్లుపాడు వైపు, నీళ్లకు కటకటలాడే మెట్ట ఊరు. చిన్నతనంలో వరికోతలయ్యాక ఊరివాళ్ల మళ్లలో పరిగె ఏరింది. ఇప్పుడు సొంతంగా మూడెకరాల రేగడి చేలో పత్తి, కంది వేస్తోంది. ఏరిన చెయ్యి, వదలాల్సిన చెయ్యి రెండూ ఒకే మనిషివి కావడం అరుదు. అందుకే ఈ విషయం మాట్లాడటానికి నాకు ఆమెకంటే తగినవాళ్లు కనబడలేదు. నేను మార్కాపురంలో తెలుగు పాఠం చెబుతాను. పుస్తకాల్లో చదివింది ఆమె ముందు పెట్టడం, ఆమె దాన్ని తిరగేసి అడగడం మాకు అలవాటు. కాసరకాయల కాలంలో మొదలైన ఈ మాటలు కంది కోతల దాకా సాగాయి. వరస కోసం కొంచెం సర్ది రాస్తున్నాను.

"అత్తా, భారతంలో పరిగె ఏరుకుని బతికిన ఒక సంసారి కథ ఉంది," అన్నాను. "కురుక్షేత్రంలో ఉండేవాడు. కోసిన చేలల్లో రాలిన గింజలు ఏరుకొచ్చి ఇంట్లో నలుగురూ పంచుకు తినేవాళ్లు. కరువు రోజులు. ఒకనాడు కాసింత పేలపిండి సమకూరింది. నోట్లో పెట్టుకునే వేళకు అతిథి వచ్చాడు. ఇంటాయన తన వాటా ఇచ్చాడు, చాలలేదు. భార్య ఇచ్చింది, కొడుకు ఇచ్చాడు, కోడలూ ఇచ్చేసింది. ఆ పిండి రాలిన చోట దొర్లిన ముంగిసకు ఒళ్లు సగం బంగారమైంది. మిగతా సగం కోసం అది ధర్మరాజు అశ్వమేధం చేసిన చోట కూడా దొర్లింది. ఒక్క వెంట్రుక మారలేదు. మీ యాగం ఆ పిడికెడు పిండికి సాటి రాదని నిండు సభలో చెప్పి పోయింది. తిక్కన గారి అశ్వమేధ పర్వంలో ఉంది."

అత్త కాసరకాయల తొడిమలు గిల్లుతోంది. తల ఎత్తలేదు.

"కథ బాగుంది అబ్బయ్యా. ఆ గింజలు ఎవరి చేలోవి?"

"చేను ఎవరిదో కథలో లేదు."

"ఏరినాయన ఎంత గొప్పవాడో ఉంది. తినడానికి వచ్చినాయన సంగతి ఉంది. ముంగిస సంగతి కూడా ఉంది. చేను గలాయన ఎంత వదిలాడు, ఎందుకు వదిలాడు, అది మాత్రం లేదా?"

ఇన్నేళ్లు ఆ కథ పాఠం చెప్పాను. పిల్లల్లో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. నా దగ్గర ఉన్న జవాబు శాస్త్రంలోది. పరిగె ఏరుకు బతకడాన్ని మన పాతవాళ్లు ఉంఛవృత్తి అన్నారు. ఎవరినీ చెయ్యి చాపి అడగక్కర్లేదు, ఎవరికీ నష్టం లేదు, రేపటికి దాచిపెట్టేది లేదు గనక బతుకుతెరువుల్లో అన్నిటికంటే నిర్మలమైనదని దానికి పేరు. వైశేషిక దర్శనం చెప్పిన కణాదుడికి ఆ పేరు రాలిన గింజలు తిని బతికినందుకే వచ్చిందంటారు. భూమి మీద భారం తగ్గించుకుని బతకాలని ఇవాళ లోకమంతా చెబుతున్న మాట మనకు అప్పుడే తెలుసు కదా అని నా వాదం.

"శాస్త్రం చదివినాయన ఏరితే వ్రతం అయింది. మేం ఏరితే ఒడి విప్పి చూపించమన్నారు," అంది అత్త.

తర్వాత చాలాసేపు చెప్పింది. వరి కోసి, పనలు వేసి, మోపులు కట్టి, ఆఖరి మోపు కళ్లానికి చేరేదాకా మడిలో అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదట. పొద్దున్నే వచ్చి గట్టు మీద కాచుకుని ఉండాలి. మోపు లేవగానే దిగాలి, లేకపోతే వేరేవాళ్లు దిగుతారు. వరి కొయ్యలు అరికాళ్లలో దిగేవి. కుడిచేత్తో ఒక్కొక్క వెన్నూ ఏరి ఎడమచేతిలో పట్టుకోవాలి. పిడికిలి నిండితే గడ్డిపోచతో చుట్టి ఒడిలో వేసుకోవాలి. గట్లలో ఎలక కన్నం కనబడితే పండగే. లోపల అది దాచుకున్న వెన్నులు ఒక్కోసారి పగలంతా ఏరిన వాటికంటే ఎక్కువ ఉండేవి. ఇంటికొచ్చి కాలితో నలిచి, చెరిగి, దంచుకుంటే ఆ పూటకు అన్నం. మిగతా రోజుల్లో సంగటే.

"ఒకసారి ఆసామి మనిషి ఆపి ఒడి విప్పమన్నాడు. పనల్లోంచి లాగానేమోనని. విప్పాను. అన్నీ పరిగె వెన్నులే. పొమ్మన్నాడు. ఆ విప్పమన్నందుకు కాదు నాయనా నాకు బాధ. తెల్లారి మళ్లీ అదే గట్టు మీదికి పోయి నిలబడాల్సి వచ్చింది చూడు, దానికి. ఎవరికీ చెయ్యి చాపనక్కర్లేదని నీ పుస్తకంలో రాసినాయన ఆ గట్టు మీద ఎప్పుడైనా నిలబడ్డాడా?"

నేను మాట మార్చలేదు, మార్చాలని కూడా అనుకోలేదు. ఏరేవాడి సంయమనాన్ని పొగడటం వల్ల వదలాల్సినవాడికి ఒక్క వెన్ను ఖర్చు కాదన్న సంగతి నాకు ఆమె మాటల్లోనే తెలిసింది. తక్కువతో సర్దుకోమని ఎప్పుడూ తక్కువ ఉన్నవాళ్లకే చెబుతాం. ఇవాళ సుస్థిర జీవనం మీద జరిగే సభల్లోనూ ఎక్కువగా అదే జరుగుతోంది. గిరిజనులను చూసి నేర్చుకోవాలంటారు. నేర్చుకోవాల్సినవాడు ఎంత వదులుకోవాలో మాత్రం చెప్పరు.

"మా గుళ్లో రూతు కథ ఉంది," అంది అత్త.

మా కుటుంబానికి ఆ గుడి ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పాలి. 1876 నుంచి 1878 దాకా నడిచిన ధాత కరువు నాటికి ఈ మార్కాపురం ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ఆ జిల్లావే. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. కరువు చివర్లో, 1878 జులై 3న, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అప్పుడు మిషన్‌ను నడిపింది జాన్ క్లౌ. చేరినవాళ్లలో ఎక్కువమంది చేను లేనివాళ్లు, ఇంకొకరి చేలో రాలిందాని మీద ఆధారపడ్డవాళ్లు. రూతు పరిగె ఏరిందని బైబిల్లో చదివితే వాళ్లకు అర్థం చెప్పాల్సిన పని ఉండదు.

"రూతు కథ వచ్చినప్పుడల్లా పాస్టరు గారు ఆ చేను గల బోయజు దయ గురించే చెబుతారు," అంది అత్త. "పనల్లోంచి కూడా కొన్ని లాగి ఆమెకోసం పడేయమన్నాడు, మంచివాడే. అయితే ఆమె ఆ చేలోకి దిగింది అతని దయ చూసుకుని కాదు గదా. అప్పటికి అతనెవరో ఆమెకు తెలీదు. చేను అంచుల దాకా కోయొద్దు, రాలినవి నువ్వు ఏరుకోవద్దు, బీదవాళ్లకూ పరాయి ఊరివాళ్లకూ వదిలెయ్యమని లేవీయకాండంలో ముందే ఉంది. ఆ మాట ఎవరితో అన్నాడు దేవుడు? ఏరేదానితో అన్నాడా?"

"ఆసామితో అన్నాడు."

"మీ భారతం ఏరినవాడిని బంగారం చేసింది. ఇది చేను గలవాడి చెయ్యి పట్టుకుంది. నాకు ఇదే బాగుంది."

ఆమె అలా విడదీసి చూపించాక నాకు 1788 నాటి ఇంగ్లండు తీర్పు గుర్తొచ్చింది. సఫోక్ ప్రాంతంలోని టిమ్‌వర్త్ అనే ఊళ్లో మేరీ హౌటన్ అనే ఆమె కోసిన చేలో పరిగె ఏరింది. చేను గలాయన కోర్టుకెక్కాడు. అక్కడ పరిగె ఏరుకోవడం ఎన్నో తరాల అలవాటు. మోషే ధర్మశాస్త్రం కూడా ఆమె తరఫున వాదనలోకి వచ్చింది. నలుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు అలాంటి హక్కు చట్టంలో లేదని తేల్చారు. వదలడం ధర్మమే కావచ్చు గాని, వదలమని ఎవరూ బలవంతం చేయలేరన్నారు. ఆ తర్వాత కూడా అక్కడి పల్లెల్లో ఏరడం చాలా కాలం ఆగలేదు. ఆపాలనుకున్న ఆసామికి మాత్రం చేతిలోకి కాగితం వచ్చింది.

అత్త విని, "దేవుడి మాటే చెల్లకపోతే ఇంక ఎవరి మాట చెల్లుద్ది," అంది.

నేను అడగాల్సింది అడిగాను. "మరి నీ చేలో సంగతి ఏంటత్తా? ఇప్పుడు ఆసామివి నువ్వు. రెండేళ్లుగా పత్తిలో గడ్డి మందు కొట్టిస్తున్నావు. గురుగాకు కనబడదు, చెంచలాకు కనబడదు, గలిజేరు లేదు. ఈ కాసరకాయలు కూడా నీ చేలోవి కావు, వాగు గట్టు మీద కోసుకొచ్చినవి."

కాసర గురించి తెలియనివాళ్లకు చెప్పాలి. అది ఎవరూ విత్తనం వేసే పంట కాదు. నల్లరేగడిలో లోతున దాని గడ్డ ఎండాకాలమంతా నిద్రపోతుంది. వానలు పడితే సన్నటి తీగ పైకొచ్చి పైరు మీద, కంచె మీద అల్లుకుంటుంది. కాయ వేలి కణుపంత, ఒంటినిండా గీరలు, పొడుగాటి తొడిమ. తొడిమ, మొన గిల్లేసి నూనెలో బాగా వేయించి ఉల్లికారం చల్లితే, చేదు తెలిసీ తెలియకుండా ఉంటుంది. సీజన్లో మార్కాపురం బజారులో దీనికి మంచి కూరగాయల కంటే ఎక్కువ ధర పలుకుతుంది. మా చిన్నప్పుడు ఊళ్లలో దీన్ని డబ్బు పెట్టి కొన్నవాళ్లు లేరు.

అత్తకు కోపం వచ్చింది. నేను ఆశించిన కోపమే.

"వాన పడితే ఊరందరికీ ఒకే వారంలో కలుపు. మనుషులు యాడ దొరుకుతారు? ఉన్నవాళ్లు పెద్ద రైతు దగ్గరికి పోతారు, అతను ముందే డబ్బులిచ్చి పెట్టుకుంటాడు. నా మోకాళ్లు వంగవు. విత్తనాలు, ఎరువులు అరువుకు తెచ్చాను. పత్తిని గడ్డి మింగితే అంగడాయనకు ఏం చెప్పాలి, చెంచలాకు కోసం వదిలానని చెప్పాలా?" కాసేపు ఆగి మళ్లీ తనే అంది. "నాకు తెలియదనుకోబాక. మేం కలుపుకు పోయినప్పుడు తీసిన గురుగు, చెంచలి, దొగ్గలి గట్టు మీద పారేసేవాళ్లం కాదు. కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. కూలీ ఆసామి ఇచ్చేవాడు, కూర చేను ఇచ్చేది. మందు కొట్టిన రోజు ఆ ఆడవాళ్ల కూలీ, కూర రెండూ పోయినాయి. కొట్టించింది నేనే."

అత్త చెప్పిన లెక్క చిన్నది కాదు. ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త మన రాష్ట్రం కూడా కలిసిన ఏడు రాష్ట్రాల మెట్ట ఊళ్లు తిరిగి, ఉమ్మడి భూముల నుంచి పేదలకు వచ్చేది ఎంతో 1986లో లెక్కగట్టి చూపించాడు. మేత, పుల్లలు, ఆకులు, కాయలు అన్నీ కలిపి పేద ఇళ్ల ఆదాయంలో 14 నుంచి 23 శాతం దాకా వాటి నుంచే వచ్చేదని తేలింది. అవే ఊళ్లలో మూడు దశాబ్దాల్లో ఆ ఉమ్మడి భూమి మూడో వంతు నుంచి సగం దాకా తరిగిపోయిందనీ తేలింది. అది బీడు మీద, డొంకల మీద లెక్క. చేలో కలుపు మధ్య దొరికిన ఆకు అందులో పూర్తిగా లేదు కూడా.

"అందరూ వదులుతూనే ఉన్నారు అబ్బయ్యా, ఏరుకునేట్టు వదలడం లేదు," అంది అత్త. మొన్న కంభం వెళ్లి కోత మిషను చూసి వచ్చింది. "మిషను ఎంత గింజ రాలుస్తుందో చూశావా? మా కాలంలో చేత్తో కోస్తే అంత పోయేది కాదు. మేం ఏరింది వెన్నులు. మిషను రాల్చేది విడిగింజ, మట్టిలో గడ్డిలో కలిపి చల్లిపోతుంది. దాన్ని చెయ్యి ఏరలేదు. గొర్రెలు తింటాయి, పిట్టలు తింటాయి, మంచిదే. మనిషికి మాత్రం అందదు."

మార్కాపురం చుట్టూ పలకల గనుల పక్కన పోసిన రాతి గుట్టలు నాకు మనసులో మెదిలాయి. ఒకప్పుడు దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివి. తవ్వింది తవ్వుకోగా మిగిలింది కొండలంతా పోశారు. చుట్టుపక్కల వాళ్లు ముక్క పలకలు ఏరుకుని ప్రహరీలు పేర్చుకున్నారు గాని, ఆ గుట్టల కింద పడ్డ నేల మళ్లీ చేను కాలేదు. పారేయడాన్ని వదలడం అనలేం. వదలాలంటే ఏరేవాడు మనసులో ఉండాలి. అంచు కోయొద్దన్న ఆజ్ఞలో అంచును చూస్తూ నిలబడ్డ మనిషి ఉన్నాడు.

ఇక్కడి నుంచి మా మాట అడవిలోకి వెళ్లింది.

ఎర్రగొండపాలెం వైపు ఒక చెంచు గూడెంలో నేను చూసింది అత్తకు చెప్పాను. ఒకామె ఎండుటాకుల మధ్య సన్నటి తీగ పట్టుకుని, దాని మొదలు దొరికేదాకా వేళ్లతో తడుముకుంటూ పోయింది. మొన తిరిగిన కర్రతో పక్క నుంచి గుంట తీసింది. గడ్డ కనబడింది. కింది భాగం విరిచి బుట్టలో వేసుకుంది. తీగ అంటుకుని ఉన్న తల భాగాన్ని గుంటలోనే నిలబెట్టి, తీసిన మట్టి మళ్లీ పూడ్చి, కాలితో రెండుసార్లు అదిమింది. అంతా అయ్యేసరికి అక్కడ తవ్వినట్టు తెలియాలంటే వంగి చూడాలి.

"చెంచుల్లో ఈ సంస్కారం ఉందత్తా. చేను లేదు, ఆజ్ఞ లేదు, ఆసామి లేడు. అయినా వదిలింది. ఏరేవాళ్లకే ఈ ధర్మం తెలుసన్న మాట నేను వదులుకోను."

"ఎందుకు వదిలిందో అడిగావా?"

"అడగలేదు."

"నన్ను అడుగు. వచ్చే ఏడు ఆ చోటికి మళ్లీ ఆమే రావాలి. ఆమె కూతురు రావాలి. పుట్టలో తేనె పట్టు ఉంటే పిల్లల గూడు వదిలి తేనె ఉన్న ముక్కే కోస్తారు, అదీ అందుకే. మళ్లీ వచ్చేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు."

"మరి ధాత కరువులో? ఆ రెండేళ్లలో జనం ఆకులు, అడవి గడ్డలు తవ్వుకు తిన్నారు. అప్పుడు గడ్డ తల మట్టిలో పెట్టినవాళ్లు ఉంటారా?"

అత్త వెంటనే ఒప్పుకుంది. "ఉండరు. ఆకలైతే విత్తనాల కుండ కూడా దించుతారు. అందుకే చెబుతున్నా, అది వాళ్ల రక్తంలో ఉందనబాక. ఆ పూటకు కాస్త ఉండాలి, వచ్చే ఏటికి ఆ చోటు తనదన్న నమ్మకం ఉండాలి. రెంటిలో ఏది పోయినా చెంచామె కూడా మొత్తం తవ్వుద్ది, నేనూ తవ్వుతా."

ఆ నమ్మకం ఎప్పుడు పోయిందో తేదీతో సహా చెప్పగలం. కరువు ముగిసిన నాలుగేళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నల్లమల రిజర్వు అడవి అయింది. ఆ పూట దాకా ఎవరిదీ కాని గడ్డ ఆ పూట నుంచి సర్కారుది. చెంచులకు కొన్ని వెసులుబాట్లు మిగిలాయి. అవి ఇచ్చేవాడి చేతిలో ఉన్నవి, అంటే మళ్లీ గట్టు మీద నిలబడటమే. ఆ పరిస్థితి మార్చడానికి 2006 దాకా పట్టింది. అటవీ హక్కుల చట్టం తేనె, మైనం, వెదురు, వేళ్లు, దుంపలు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద తరతరాలుగా సేకరించేవాళ్లకు యాజమాన్య హక్కు ఉందని రాసింది. ఏరేవాళ్లకు వదలమని ఆసామిని బతిమాలడం అందులో లేదు. ఏరేదే వాళ్లదని ఉంది. మార్కాపురం, గిద్దలూరు అడవులు చాలావరకు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉన్నాయి గనక ఆ హక్కు గూడెం దాకా నడిచి రావడం తేలిక కాలేదు. అదే అడవిలో పులుల జాడ తీసి కాపలా కాసే ఉద్యోగాల్లో చెంచులే ఉన్నారు. వాళ్లకు తెలిసినంతగా ఆ దారులు ఇంకెవరికీ తెలియవు.

"నువ్వు ఎండాకాలం తాగే నన్నారి షర్బత్తు ఉంది చూడు," అంది అత్త. "ఆ వేళ్లు ఎవరు తవ్వుతున్నారు?"

రాయలసీమ పద్ధతి నన్నారి ఇప్పుడు ప్రతి ఊళ్లో దొరుకుతుంది. దానికోసం తవ్వేవాటిలో లావు వేళ్లుండే ఒక జాతి ఉంది, వృక్షశాస్త్రంలో డెకాలెపిస్ హామిల్టోనై. వేరు మొత్తం లాగితే తీగ చచ్చిపోతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో అది అంతరించే ప్రమాదం ఉన్న మొక్క. తవ్వే మనిషి అదే మనిషి కావచ్చు, ఆ చెయ్యి అదే చెయ్యి. గడ్డ ఇంటికి వెళ్లేటప్పుడు తల వదిలిన చెయ్యి, లారీకి వెళ్లేటప్పుడు ఎందుకు వదలదు? కొనేవాడు ఆ చోటికి మళ్లీ రాడు గనక. ఈ కొండలో అయిపోతే ఇంకో కొండ.

"అయితే అమ్మకమే పాపం అంటావా?" అని అడిగాను.

"అమ్మకపోతే చెంచులకు బియ్యం ఎట్లా? ఉప్పు ఎట్లా?"

నిజమే. తపసి బంక సంగతి దీనికి మంచి సాక్ష్యం. తపసి చెట్టు బెరడు కోస్తే కారే బంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. విదేశాలకు వెళ్లేది, గిరాకీ బాగా ఉండేది. ఎక్కువ కారాలని గొడ్డలితో లోతుగా కొట్టేవాళ్లు, చెట్లు చచ్చేవి. 1994లో మొదలైన కోవెల్ ఫౌండేషన్ వంటివాళ్లు గూడేల్లో కూర్చుని వేరే పద్ధతి నేర్పారు. బెరడు మీద పైపైన చిన్న గాటు పెట్టాలి, గాయం మానేదాకా చెట్టు జోలికి పోకూడదు, బంకను మట్టి అంటకుండా తీసి రకాలుగా వేరు చేయాలి. శుభ్రమైన బంకకు ధర ఎక్కువ వచ్చింది. చెట్టు బతికితేనే ఆ ధర వచ్చే ఏడు కూడా వస్తుంది. అక్కడ మళ్లీ రావాల్సిన అవసరం కొనేవాడికి కూడా పడింది.

ఇది చెప్పాక అత్త నన్ను వదలలేదు. "నువ్వు బజార్లో కాసరకాయలు కొంటావు. ఆకాకర కొంటావు. అవి కోసినామె ఇంట్లో ఇప్పుడు కాసర వండుకోవడం లేదు, తెలుసా? అంత ధర వచ్చేది తినడానికి మనసొప్పదు. పిల్లలకు బజారు నుంచి బంగాళాదుంప తెస్తోంది."

"కొనడం మానమంటావా?"

"మానితే ఆమెకు ఆ రూపాయి కూడా పోద్ది. మానబాక. అడవి కూర తిన్నాను, భూమికి మేలు చేశానని మాత్రం అనుకోబాక. నువ్వు తింటే ఆమె తినడం లేదు."

ఇక్కడ నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించలేదు. ధర ఉన్నందువల్లే వాగు గట్టు మీద కాసర తీగను జనం ఇప్పుడు పీకేయకుండా కాపాడుతున్నారు. డబ్బు వచ్చింది గనక ఆ తీగకు విలువ కనబడింది. అత్త దానికి ఇచ్చిన జవాబు ఒకటే. కాపాడుతున్నారు సరే, ఎవరు కాపాడుతున్నారు? వాగు పక్క పొలం గలవాళ్లు ఈమధ్య ఆ గట్టు తమదంటున్నారు. కాయలకు ధర రానంత కాలం ఆ గట్టు ఎవరిదో ఎవరూ అడగలేదు. ఈ విషయంలో మా ఇద్దరి మధ్య ఇప్పటికీ రాజీ లేదు. నాకు ఇద్దరం చెప్పిందీ నిజంగానే కనిపిస్తోంది.

కంది కోతల వేళకు ఊళ్లో ఆ గట్టు తగాదా పెద్దదైంది. వాగు పోరంబోకు, దాన్ని ఆనుకున్న డొంక ఊరందరివి. కూలికి పోయే ఆడవాళ్లు ఆకులు, కాయలు, పుల్లలు తెచ్చుకునే చోటు అదొక్కటే మిగిలింది. పక్క పొలాలు ఏటా ఒక్కో సాలు చొప్పున అందులోకి జరుగుతూ వచ్చాయి. అత్త నన్ను పిలిపించి అర్జీ రాయమంది. గ్రామ సభలో పెట్టాలి, పోరంబోకు కొలిపించి హద్దురాళ్లు వేయించాలి.

నాకు తోచిన పద్ధతిలో మొదలుపెట్టాను. కూలికి పోయే ఆడవాళ్లు, తరతరాలుగా అక్కడ ఏరుకుంటున్నారు, అది వాళ్ల ఆధారం, దయచేసి కాపాడాలి అని రాసి చదివి వినిపించాను.

"కొట్టెయ్," అంది.

"ఏది?"

"వాళ్ల పేదరికం అంతా ఎందుకు రాశావు? మళ్లీ ఒడి విప్పించడమే గదా అది. జరిగినవాళ్లు జరిగారని రాయి. ఎవరెవరి పొలం ఎంత జరిగిందో రాయి. ముందు మాది."

నేను కలం ఆపాను.

"మీ మామ ఉన్నప్పుడే మూడు సాళ్లు డొంకలోకి దున్నాడు. నేను చూస్తూనే ఉన్నా. ఆ మూడు సాళ్ల కంది ఇన్నేళ్లు మా గాదెలోకే వచ్చింది. వదలమన్న ఆజ్ఞ ఆసామికి గదా, మొదటి సంతకం ఏరేవాళ్లతో ఎందుకు పెట్టిస్తావు?"

"పక్క రైతులు ఊరుకుంటారా అత్తా? నీ ఒక్కదాని మీద పడతారు. రేపు నీ పొలానికి ట్రాక్టరు కూడా రానివ్వరు."

"ఊరుకోరు. అందుకే సర్వే వాళ్లు వస్తే కొలత మా పొలం నుంచే మొదలుపెట్టమని రాయమంటున్నా. మా రాయి వెనక్కి జరిగితే వాళ్లు ఏం మాట్లాడతారో చూద్దాం. ఆ మందు సంగతి కూడా రాయి. పోరంబోకు నుంచి ఇవతలికి కొంత మేర ఎవరూ గడ్డి మందు కొట్టకూడదని. గాలికి కొట్టుకుపోయి గట్టంతా మాడుతోంది."

"ఎంత మేర?"

"పది అడుగులు సరిపోవు. రెండు నాగళ్లు పక్కపక్కన తిరిగేంత. నా పొలంలో ఆ మేరంతా పత్తే, చేత్తోనే కలుపు తీయించాలి, కూలీ నేను పెట్టుకుంటా. సర్వే నంబరు పాస్‌బుక్కులో ఉంది, లోపల పెట్టెలో చూడు. అంకె తప్పు రాయబాక."